ఒకే తెర మీద సీరియలూ, ఎక్సెల్ షీటూ

(విజయనగరం గంటస్తంభం దగ్గర పాతికేళ్ళుగా టీవీలు బాగుచేస్తున్న మెకానిక్ మీ ప్రశ్నలకు జవాబిస్తున్నారు.)

ప్రశ్న: మాది శ్రీకాకుళం, పాలకొండ రోడ్డు వైపు అద్దె ఫ్లాట్. ఒక హాలు, ఒక పడగ్గది. హాలు 10 అడుగుల వెడల్పు, 11 అడుగుల పొడవు. మా అత్తగారు, మావారు, నేను ఉంటాం. విశాఖపట్నంలోని ఒక ఆఫీసుకు ఇంటి నుంచే అకౌంట్స్ పని చేస్తాను. మధ్యాహ్నం 1 నుంచి రాత్రి 10 దాకా డ్యూటీ. లాప్‌టాప్ కొని ఐదేళ్ళయింది, తెర 14 అంగుళాలే. ఎక్సెల్ షీట్లు చూసీ చూసీ మెడా కళ్ళూ లాగేస్తున్నాయి. ఇంట్లో ఉన్న 32 అంగుళాల టీవీ మీద ఈమధ్య నిలువు గీతలు పడ్డాయి. టీవీ ఒకటి, మానిటర్ ఒకటి పెట్టేంత చోటు హాల్లో లేదు. 30 వేల దాకా పెట్టగలం. 43 అంగుళాల టీవీ తీసుకుని దాన్నే కంప్యూటర్‌కి వాడుకోవచ్చా? లేక 32 అంగుళాల మానిటర్ కొని దానికే కేబుల్ పెట్టె తగిలించుకోవాలా? ఒక్కో షాపులో ఒక్కోలా చెబుతున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, శ్రీకాకుళం

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చదవగానే నా కన్ను తెర సైజు మీద కాదు, మీ డ్యూటీ వేళల మీద పడింది. ఆ సంగతి తర్వాత తప్పకుండా చెబుతాను. ముందు మీరడిగినదానికి సూటిగా జవాబు. మీ హాలుకీ, మీరు పెట్టే డబ్బుకీ 43 అంగుళాల టీవీయే సరిపోతుంది. అయితే అది 4కె (తెర మీద చుక్కలు బాగా దట్టంగా ఉండే రకం) అయి తీరాలి. మీ లాప్‌టాప్ తగిలించి అక్షరాలు చూసుకున్నాకే డబ్బు కట్టాలి. ఈ రెండో మాట ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, నా ఇంట్లోనే ఆ పొరపాటు జరిగింది.

2020లో లాక్‌డౌన్ రోజులు. మా అమ్మాయికి ఆన్‌లైన్ క్లాసులు. ఫోన్‌లో పాఠం వింటూ కళ్ళు నులుముకుంటుంటే చూడలేక, 32 అంగుళాల టీవీ ఒకటి తెచ్చి తన చదువుకునే బల్ల మీద పెట్టాను. అట్టపెట్టె మీద హెచ్‌డీ అని రాసుంది. ఒక పాట పెట్టి చూశాను, రంగులు బాగున్నాయి, సరే అనుకున్నాను. పది రోజులకి పిల్ల తలనొప్పి అంది. కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే చూపు బాగానే ఉందన్నారు. ఓ రాత్రి తన కుర్చీలో నేను కూర్చుని తెలుగు పాఠం తెరిచి చూశాను. 'రాష్ట్రం' అన్న మాటలో ష, దాని కింద ట వత్తు, ర వత్తు, అన్నీ కలిసిపోయి ఒక నల్లటి మరకలా ఉన్నాయి. 'స్త్రీ' కూడా అంతే. రోజంతా టీవీలు విప్పే నేను ఆ తెరలో బొమ్మ చూశాను గానీ అక్షరం చూడలేదు. పిల్ల రెండడుగుల దూరంలో కూర్చుని రోజుకి ఐదారు గంటలు ఆ మరకల్లోంచి అక్షరాలు ఏరుకుంది. ఇప్పటికీ తలుచుకుంటే మనసు చివుక్కుమంటుంది.

అందులో తప్పు ఎక్కడుందంటే, హెచ్‌డీ రెడీ తెరలో అడ్డంగా 1366, నిలువుగా 768 చుక్కలుంటాయి. వాటిని 32 అంగుళాల తెర మీద పరిస్తే ఒక్కో చుక్క అర మిల్లీమీటరు అవుతుంది. మామూలు చూపున్న కంటికి ఆ చుక్కలు విడివిడిగా తెలియకుండా ఉండాలంటే ఇంచుమించు 6 అడుగుల దూరం కావాలి. మంచం మీంచి సినిమా చూడ్డానికి అది చాలు. బల్ల ముందు కూర్చుని చదవడానికి చాలదు. అదే 43 అంగుళాల 4కె తెరలో అడ్డంగా 3840, నిలువుగా 2160 చుక్కలు. ఒక్కోటి పావు మిల్లీమీటరే. మూడడుగుల దూరంలో కూర్చుంటే చుక్క పోయి అక్షరమే మిగులుతుంది. 43లోనే ఫుల్ హెచ్‌డీ టీవీలు కూడా అమ్ముతారు, కాస్త చవగ్గా వస్తాయి. వాటి చుక్క మళ్ళీ అర మిల్లీమీటరే. అవి మీకొద్దు.

మరి మానిటర్ ఎందుకు వద్దంటున్నానో కూడా చెప్పాలి, ఎందుకంటే అక్షరం వరకే చూస్తే మానిటరే మేలు. మీరొక్కరే ఉండి, పని ఒక్కటే లెక్కయితే 27 అంగుళాల క్యూహెచ్‌డీ (ఫుల్ హెచ్‌డీకీ 4కెకీ మధ్యరకం) మానిటర్ తీసుకోమని రెండో ఆలోచన లేకుండా చెప్పేవాణ్ణి. కానీ మీ అత్తగారు గోడవారగా దివాన్ మీద కూర్చుంటే తెరకీ ఆవిడకీ 7, 8 అడుగులు ఉంటుంది. అంత దూరానికి 32 చిన్నదే. 43 అంగుళాల తెర వైశాల్యం 32 దానికి దాదాపు 1.8 రెట్లు. ఇక మాట సంగతి. చాలా మానిటర్లలో స్పీకర్లుండవు, ఉన్నా గది అవతలికి వినబడవు. ఇంకోటి, మీ కేబుల్ పెట్టె వెనక్కి తిప్పి ఒకసారి చూడండి. పసుపు, ఎరుపు, తెలుపు పిన్నుల తీగ మాత్రమే ఉంటే అది మానిటర్‌కి అసలు తగలదు, హెచ్‌డీఎంఐ (బొమ్మా మాటా ఒకే తీగలో పంపే రంధ్రం) ఉండాలి. టీవీకైతే ఆ పాత పిన్నులు పెట్టుకునే దారి చాలా మోడళ్ళలో ఇంకా ఉంచుతున్నారు. మామూలు కేబుల్ ఛానల్ పై నుంచి కిందికి 576 గీతలే పంపుతుంది, కాబట్టి 43 మీద దగ్గర్నించి చూస్తే బొమ్మ కాస్త మసకగా ఉంటుంది. అది టీవీ తప్పు కాదు. మీ అత్తగారు కూర్చునే దూరంలో అంతగా తెలియదు.

ధర విషయంలో ఒక మాట. ఇదివరకు 32 అంగుళాల వరకే జీఎస్టీ 18 శాతం ఉండేది, అది దాటితే 28 శాతం. 2025 సెప్టెంబరు 22 నుంచి పెద్ద టీవీలకూ 18 శాతమే అయింది. కాబట్టి అంతకుముందు ఎవరో చెప్పిన ధరలు పట్టుకుని బేరం చేయకండి.

ఇప్పుడు షాపులో చేయాల్సిన పని. లాప్‌టాప్, దాని ఛార్జరు, కుదిరితే ఇంట్లో వాడబోయే హెచ్‌డీఎంఐ తీగ, మూడూ సంచిలో వేసుకుని వెళ్ళండి. షాపులో టీవీలన్నిట్లో ఒకటే వీడియో నడుస్తుంటుంది. పువ్వులు, చిలకలు, జలపాతం. ఆ వీడియోలో ఏ టీవీ అయినా బాగానే కనబడుతుంది, దాన్ని అందుకే తయారుచేస్తారు. దాన్ని ఆపించి మీ లాప్‌టాప్ తగిలించమనండి. మొహమాటపడొద్దు, 30 వేలు పెడుతున్నారు. వర్డ్‌లో 11 సైజులో నాలుగు మాటలు కొట్టండి: శ్రీకాకుళం, స్త్రీ, రాష్ట్రం, లక్ష్మి. ముందు తెల్ల కాగితం మీద నల్ల అక్షరాలు చూడండి. ఆ తర్వాత కాగితం నలుపు చేసి అక్షరాలు ఎరుపు చేయండి. అసలు పరీక్ష ఇదే. ఎర్ర అక్షరం అంచులు తడి గోడ మీద సున్నంలా పాకినట్టు కనబడితే, ఆ టీవీ రంగును పూర్తిగా చూపించడం లేదని అర్థం.

దీనికి కారణం ఉంది. సినిమాలు, సీరియళ్ళు పంపేటప్పుడు చోటు కలిసొస్తుందని వెలుగును ప్రతి చుక్కకీ విడిగా పంపి, రంగును మాత్రం నాలుగు చుక్కలకీ కలిపి ఒకటే పంపుతారు. మనిషి ముఖంలో అది తెలియదు. సన్నటి అక్షరంలో వెంటనే తెలిసిపోతుంది. టీవీకి 'ఇక్కడ తగిలింది కంప్యూటర్' అని చెబితే చాలా టీవీలు చుక్కకో రంగు చూపిస్తాయి. ఇన్‌పుట్ పేరు మార్చే చోట పీసీ అని పెట్టడమో, పిక్చర్ మోడ్‌లో గ్రాఫిక్స్ అని ఎంచుకోవడమో చేయాలి. దాంతోపాటు ఆ హెచ్‌డీఎంఐ రంధ్రానికి పూర్తి వేగం తెరవాలి. శామ్‌సంగ్‌లో దాన్ని ఇన్‌పుట్ సిగ్నల్ ప్లస్ అంటారు, ఎల్‌జీలో హెచ్‌డీఎంఐ అల్ట్రా హెచ్‌డీ డీప్ కలర్ అంటారు, సోనీలో ఎన్‌హాన్స్‌డ్ ఫార్మాట్ అని ఉంటుంది. షాపు కుర్రాడికి ఇది తెలియకపోతే మీరే మెనూ తెరవండి. ఇవన్నీ చేశాక కూడా ఎరుపు పాకుతుంటే ఆ మోడల్ వదిలేయండి, ఎంత తగ్గించి ఇచ్చినా సరే.

అక్కడే మౌస్ బాణాన్ని తెర మీద గిరగిరా తిప్పి చూడండి. ఈడ్చుకుంటూ వస్తుంటే లాప్‌టాప్ సెకనుకి 30 సార్లే బొమ్మ పంపుతోందన్నమాట. మీది ఐదేళ్ళ కిందటిది కాబట్టి నాకు ఈ అనుమానం ఉంది. హెచ్‌డీఎంఐ 1.4 ఉన్న లాప్‌టాప్ 4కె బొమ్మను సెకనుకి 30 సార్లకి మించి పంపలేదు. 2.0 ఉంటే 60 సార్లు పంపుతుంది. 2.0 వచ్చింది 2013లోనే అయినా, చవక లాప్‌టాప్‌లలో చాలా ఏళ్ళ పాటు 1.4 నే పెడుతూ వచ్చారు. 30 మీద ఎక్సెల్ నడుస్తుంది, కానీ రోజుకి తొమ్మిది గంటలు ఆ ఈడ్పు చూడ్డం విసుగు, కళ్ళకి శ్రమ. మీ లాప్‌టాప్‌కి బొమ్మ పంపగల టైప్ సి రంధ్రం ఉంటే, దానికి 4కె 60 అని రాసున్న చిన్న కన్వర్టర్ తగిలిస్తే సరిపోతుంది. టైప్ సి ఉన్నంత మాత్రాన బొమ్మ వస్తుందని లేదు, కొన్ని ఛార్జింగ్‌కీ పెన్‌డ్రైవ్‌కీ మాత్రమే. ఇది కూడా షాపులోనే తేల్చుకోండి.

ఆ తెర ముందే మూడడుగుల్లో నిలబడి నాలుగు మూలలూ చూడండి. తెల్ల పేజీ పెట్టినప్పుడు మూలలు మధ్యకన్నా మాసినట్టు ఉంటే అది వీఏ అనే రకం ప్యానెల్ (బొమ్మ చూపే పలక) అయ్యుంటుంది. చీకట్లో సినిమాకి దాని నలుపు చాలా బాగుంటుంది గానీ, పక్కనుంచి చూస్తే రంగు పలచబడుతుంది. దగ్గర కూర్చున్నవాళ్ళకి 43 అంగుళాల తెర మూలలన్నీ పక్కచూపే కదా. మీకు పక్కచూపుకి తట్టుకునే ఐపీఎస్ రకం ప్యానెల్ నయం. దివాన్ మీద పక్కగా కూర్చునే పెద్దావిడకీ అదే నయం.

ఇంటికి తెచ్చాక ఎక్కడ పెట్టాలన్నది ఇంకా పెద్ద విషయం. ఈ తెర అడ్డం 37 అంగుళాల పైన ఉంటుంది, ఎత్తు 21. రెండడుగుల బల్ల మీద పెట్టి ఎదురుగా కూర్చుంటే మీరు ఈ చివర అంకె నుంచి ఆ చివర అంకెకి తల తిప్పుతూనే ఉంటారు. పోతుందనుకున్న మెడనొప్పి మళ్ళీ వస్తుంది. అందుకని గోడకి బిగించండి. బల్లని గోడకి అడుగు ఎడంగా జరపండి. అప్పుడు కంటికీ తెరకీ మూడడుగులు వస్తుంది. ఎత్తు విషయంలో అందరూ చేసే పొరపాటు మీరు చేయొద్దు. దేవుడి పటం పెట్టినట్టు తలెత్తి చూసేంత పైన బిగించేస్తారు. తెర కింది అంచు నేల నుంచి 33 అంగుళాల దగ్గర, అంటే బల్లకి మూడంగుళాలు పైన ఉండేలా బిగించమనండి. కుర్చీలో కూర్చుంటే మీ కన్ను నేలకి 46, 47 అంగుళాల ఎత్తులో ఉంటుంది కాబట్టి తెర మధ్యభాగం కంటికి కాస్త కిందకి వస్తుంది. పని చేసే షీటు తెరలో కింది మూడింట రెండు వంతుల్లో పెట్టుకోండి, పైభాగంలో ఎప్పుడో చూసే మెయిలో, క్యాలిక్యులేటరో ఉంచండి. దివాన్ మీద కూర్చున్నవాళ్ళకీ ఈ ఎత్తు హాయిగానే ఉంటుంది. విండోస్‌లో అక్షరం సైజు 125 శాతం పెట్టుకోండి, 100 మీద చిన్నవైపోతాయి. అద్దె ఇల్లు కాబట్టి గోడకి నాలుగు రంధ్రాలు పెట్టే ముందు ఓనరుగారిని ఒక్క మాట అడగండి.

కిటికీ సంగతి. మీరు కూర్చునేది మధ్యాహ్నం నుంచి. పడమటి ఎండ మూడు నుంచి ఐదు దాకా లోపలికి వస్తుంది. గోడకి రంధ్రం పెట్టకముందే ఒక పెద్ద అద్దం తీసుకుని, టీవీ రాబోయే చోట మీవారిని పట్టుకోమని, మీరు కుర్చీలో కూర్చోండి. అద్దంలో కిటికీ కనబడితే తెరలోనూ కిటికీయే కనబడుతుంది. అరసవల్లి మీ ఊళ్ళోనే ఉంది, సూర్యుడు ఏడాది పొడుగునా ఒకే చోట ఉండడని మీకు వేరే చెప్పక్కర్లేదు. మార్చిలో, అక్టోబరులో స్వామి పాదాల మీద పడే కిరణాలు మిగతా నెలల్లో పడవు కదా. జూన్‌లో బాగున్న చోటు డిసెంబరుకల్లా ఎండ తగలొచ్చు, చలికాలంలో పొద్దు దక్షిణానికి జరిగి కుంకుతుంది. అందుకని ముదురు రంగు కర్టెన్ డబ్బు కూడా ఆ 30 వేలల్లోనే లెక్క వేసుకోండి.

ఇప్పుడు మొదట్లో ఆపిన మాట. మీ అత్తగారు సీరియళ్ళు చూస్తారో లేదో మీరు రాయలేదు. చూస్తారనే అనుకుంటున్నాను. మా అమ్మ సాయంత్రం దీపం పెట్టి టీవీ ముందు కూర్చుంటే తొమ్మిదిన్నర దాకా లేవదు. రోజంతా ఎదురుచూసేది ఆ రెండున్నర గంటల కోసమే. మీ డ్యూటీ పది దాకా. ఏ తెర కొన్నా ఈ రెండు వేళలూ ఒకదానిమీద ఒకటి పడుతున్నాయి, దానికి ప్యానెల్‌లో మందు లేదు. కొనే ముందే ఆవిడతో కూర్చుని మాట్లాడండి. మీకు పొద్దున్న ఒంటిగంట దాకా తీరికే కాబట్టి, నిన్నటి సీరియళ్ళు పది నుంచి పన్నెండు మధ్య యాప్‌లో పెట్టివ్వగలరు, పెద్ద తెర మీద. ఆవిడకి ఇష్టమైతేనే. లేదంటే ఏడు నుంచి తొమ్మిదిన్నర దాకా తెర ఆవిడకిచ్చి మీరు లాప్‌టాప్‌తో పడగ్గదిలోకి వెళ్ళండి. అప్పుడు లాప్‌టాప్ కింద నాలుగైదు లావు పుస్తకాలు పేర్చి తెర కంటి ఎత్తుకి తెచ్చి, విడి కీబోర్డు, మౌస్ వాడుకోండి. మెడకి చాలా తేడా తెలుస్తుంది.

రెండూ కుదరకపోతే ఒకే తెర ఆలోచన మానేయండి. ఇది మీరడిగినదానికి ఎదురు మాటే, అయినా చెప్పాలి. 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ మానిటర్ అడ్డం 21 అంగుళాలే. పడగ్గదిలో చిన్న బల్ల అంచుకి పట్టే క్లాంపు స్టాండుతో బిగిస్తే బల్ల మీద చోటే తీసుకోదు. హాల్లోకి మామూలు 32 అంగుళాల టీవీ. రెండూ కలిపి మీ 30 వేలల్లోనే వస్తాయి. హాల్లో రెండు పెట్టడానికి చోటు లేదన్నారు గానీ, పడగ్గది మాట మీరు ఎత్తలేదు.

ఒకే తెర మీద స్థిరపడితే, కేబుల్ పెట్టె హెచ్‌డీఎంఐ 1కి, లాప్‌టాప్ 2కి పెట్టి ఇక మార్చకండి. రిమోట్‌లో ఇన్‌పుట్ మార్చే బొత్తాం మీద ఒక ఎర్ర బొట్టుబిళ్ళ అంటించండి. మా అమ్మకి నేను చేసిందిదే. కళ్ళజోడు లేకపోయినా వేలితో తడిమి నొక్కుతుంది.

వాడకంలో ఒక జాగ్రత్త. నా షాపుకి వచ్చే ఎల్ఈడీ టీవీల్లో చాలావాటికి ఒకటే జబ్బు. 'మాట వస్తంది బాబూ, బొమ్మ రాట్లేదు' అంటారు. గది లైటు ఆపి, సెల్‌ఫోన్ టార్చి తెరకి ఆనించి చూస్తే లోపల మనుషులు నీడల్లా కదులుతూ కనబడతారు. ప్యానెల్ బతికే ఉంది, వెనక వెలుగిచ్చే స్ట్రిప్ కాలిపోయింది. ఆ స్ట్రిప్‌ని చంపేది వేడి. షాపులో మెరిసిపోవాలని బ్యాక్‌లైట్ నూటికి నూరు పెట్టి ఉంచుతారు. ఎక్సెల్ పేజీ అంతా తెలుపే కాబట్టి రోజుకి తొమ్మిది గంటలు ఆ వెలుగు మీ కళ్ళకీ తగులుతుంది. పని చేసేటప్పుడు 40కి అటూ ఇటూ దించుకోండి. షార్ప్‌నెస్ కూడా బాగా తగ్గించండి, ఎక్కువుంటే అక్షరం చుట్టూ తెల్ల గీత కనబడుతుంది. పిడుగులు పడేటప్పుడు ప్లగ్గుతో పాటు కేబుల్ తీగ కూడా పీకేయండి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక, కరెంటు తిరిగొచ్చిన రోజుల్లో నా బల్ల మీద పవర్ బోర్డులు గుట్టగా పడ్డాయి. స్విచ్చి ఆపాం కదా అనుకుని ప్లగ్గు తీయనివాళ్ళవి కూడా అందులో ఉన్నాయి.

ప్రశ్న: రాజాంలో ఇంజనీరింగ్ చదువుతున్నాను. అద్దె గదిలో 24 అంగుళాల మానిటర్ ఉంది. స్నేహితుడి టీవీ స్టిక్ (నెట్ నుంచి సినిమాలు చూపించే చిన్న పరికరం) తగిలిస్తే బొమ్మ వచ్చింది, మాట రాలేదు. స్టిక్ కొంటే మానిటర్ టీవీగా పనికొస్తుందా?
– ఒక విద్యార్థి

జవాబు: పనికొస్తుంది బాబూ. మాట రాకపోవడం స్టిక్ లోపం కాదు, మీ మానిటర్‌లో స్పీకరు లేదు. వెనకో కిందో ఇయర్‌ఫోన్ రంధ్రం ఉందేమో చూడండి, హెచ్‌డీఎంఐలో వచ్చిన మాట అక్కణ్ణుంచి బయటికొస్తుంది. అది లేకపోతే స్టిక్‌కే బ్లూటూత్ స్పీకరు కలపండి. స్టిక్‌కి కరెంటు దానితో వచ్చిన అడాప్టరు నుంచే ఇవ్వండి. మానిటర్ యూఎస్‌బీ నుంచి ఇస్తే చాలక మధ్యలో ఆగి మళ్ళీ మొదలవుతుంటుంది. ఫోన్ హాట్‌స్పాట్ మీద చూద్దామనుకుంటే లెక్క చూసుకోండి, ఫుల్ హెచ్‌డీలో సినిమా గంటకి 3 జీబీ దాకా లాగుతుంది. రోజుకి 2 జీబీ ప్లాను విరామం దాకా కూడా రాదు. పక్క గదివాళ్ళతో కలిసి ఒక వైఫై కనెక్షన్ తీసుకుంటే నయం.

ప్రశ్న: నేను రిటైర్డ్ టీచర్ని, విజయనగరంలోనే ఉంటాను. పొద్దున్న షేర్ల చార్టులు, మిగతా రోజంతా వార్తా ఛానల్ చూస్తాను. రెంటికీ ఒకే టీవీ చాలని, మా అబ్బాయి బెంగళూరు నుంచి ఓఎల్ఈడీ టీవీ పంపుతానంటున్నాడు. తీసుకోమంటారా?
– ఒక పాఠకుడు

జవాబు: మాస్టారూ, బొమ్మ అందంలో ఓఎల్ఈడీకి సాటి లేదు. కానీ మీరు చెప్పిన రెండు పనులూ దానికి సరిపడనివి. అందులో ప్రతి చుక్కా తనంతట తానే వెలుగుతుంది, ఎక్కువ వెలిగిన చుక్క ఎక్కువ అరుగుతుంది. మన వార్తా ఛానల్ తెర ఒకసారి గమనించండి. మూలన ఛానల్ గుర్తు, కింద ఎర్ర పట్టీ, దాని కింద పరుగెత్తే అక్షరాలు, పక్కన గడియారం. పగలంతా అవి ఉన్న చోటే ఉంటాయి. చార్టులోనూ గీతల గడి కదలదు. ఏళ్ళ తరబడి అలా వాడితే వేరే సినిమా పెట్టినా ఆ పట్టీ నీడలా కనబడుతుంది, దాన్ని నాలాంటివాళ్ళు బాగుచేయలేరు, ప్యానెలే మార్చాలి. ఆ డబ్బుతో మంచి ఎల్ఈడీ 4కె టీవీ పంపమనండి.

అబ్బాయి అప్పటికే కొనేసి ఉంటే బాధపడొద్దు. వెలుగు తగ్గించి పెట్టుకోండి, వార్తల మధ్య ఛానల్ మారుస్తూ ఉండండి. మన ఇళ్ళలో రాత్రి పడుకునే ముందు గోడ స్విచ్చి ఆపేసే అలవాటు ఉంటుంది, దీనికి మాత్రం ఆపకండి. రిమోట్‌తో ఆపాక టీవీ స్టాండ్‌బైలో ఉండి చుక్కల అరుగుదలని తనే సరిచూసుకుంటుంది, దానికి కరెంటు ఉండాలి. పైడితల్లమ్మ సిరిమాను పండగ లైవ్ ఆ ఒక్కరోజూ పొద్దుట్నుంచి రాత్రిదాకా ఒకే ఛానల్లో పెట్టుకున్నా దానికేమీ కాదు, నిశ్చింతగా చూడండి.